పాచి సార్

దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంసెట్ కోచింగ్ ఇచ్చే ఒక కాలేజీలో సాంబమూర్తి పందొమ్మిదేళ్లుగా బోటనీ చెబుతున్నాడు. ఈ పందొమ్మిదేళ్లలో ఆయన చేత్తో ముట్టుకున్న మొక్క కరివేపాకు ఒక్కటే. అదీ భార్య శేషారత్నం తుంచుకు రమ్మన్నప్పుడు. మిగతా వృక్షజాతి అంతా ఆయనకు నల్లబల్ల మీద బొమ్మగా, నాలుగు జవాబుల్లో ఒకటిగా మాత్రమే పరిచయం. ఏ పాఠం నుంచి ఎన్ని బిట్లు వస్తాయో దాన్నిబట్టి ఆ మొక్కకు మర్యాద. శైవలాలకు రెండు బిట్లు. అందుకని వాటిని ఒక్క పూటలో తేల్చేసేవాడు. "వేరు లేదు, కాండం లేదు, ఆకు లేదు. రాసుకోండి. తర్వాతి పాఠం" అనేవాడు.

అలాంటి మనిషికి యాభై రెండో ఏట శైవలాల మీద ప్రేమ పుట్టడానికి కారణం పకోడీల పొట్లం. 2011 వేసవిలో ఒక సాయంత్రం కొత్తపేటలో పకోడీలు కొనుక్కుని, తిని, పొట్లం కట్టిన కాగితం చదివాడు. కంటికి కనపడనంత చిన్న శైవలాలు ఒంట్లో నూనె దాచుకుంటాయని, ఎకరానికి వేరుశనగ కంటే ఎన్నో రెట్లు నూనె ఇస్తాయని, వాటికి పంట పొలం అక్కర్లేదని, మురికి నీళ్లు చాలని, ఆ నూనెతో డీజిల్ ఇంజన్లు నడుస్తాయని అందులో ఉంది. "అయితే ఈ విధానంలో కొన్ని ఇబ్బందులు" అన్నచోట కాగితం చిరిగిపోయింది.

సాంబమూర్తి ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. రెండు బిట్లకు మించి ఏనాడూ విలువివ్వని జీవి లారీలు నడపగలదంటే, తాను దానికి అన్యాయం చేసినట్టే అనిపించింది.

ఆయన ఎల్బీ నగర్‌లో బిక్షమయ్య ఇంటి మొదటి అంతస్తులో అద్దెకుంటున్నాడు. కింద బిక్షమయ్య, సాయమ్మ దంపతులు. వాళ్లది తుర్కయంజాల్. ఇంటి ముందు గదిలోనే టెంట్‌హౌస్. షామియానాలు, కుర్చీలు, వంట గంజులు, ఒక డీజిల్ జనరేటర్. పైన ఖాళీ డాబా. డాబా మీద ఇటుకలు పేర్చి, టార్పాలిన్ పరిచి, పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, జానెడు లోతున మడుగు కట్టాడు సాంబమూర్తి. నీళ్లు పోశాడు. గుప్పెడు యూరియా వేశాడు. వారం తిరిగేసరికి నీళ్లు పచ్చబడ్డాయి. అప్పుడు బిక్షమయ్య పైకొచ్చాడు.

"ఏంది సార్ గిది?"

"శైవలాలండీ. సూక్ష్మ శైవలాలు."

బిక్షమయ్య వంగి వేలు ముంచి చూసుకున్నాడు. "పాచి గదా!"

"మామూలు మాటల్లో పాచే అనుకోండి."

"ఏడాదికి రెండుసార్లు యాసిడ్ పోసి గీకుత సార్, గీ స్లాబు మీది పాచిని. నువ్వేమో కిరాయి కట్టి మరీ పెంచుతున్నవ్."

"ఇందులోంచి డీజిల్ వస్తుంది, బిక్షమయ్యగారూ."

బిక్షమయ్య తడి వేలు లుంగీకి తుడుచుకున్నాడు. "యాడికెళ్లి దెచ్చినవ్ గీ పాచి? మీ బందరు నుంచా?"

"లేదండీ, సరూర్‌నగర్ చెరువుది. వాటర్ బాటిల్‌లో పట్టుకొచ్చాను."

"అంటే లోకలేనా?"

"అచ్చంగా లోకల్."

"గట్లయితే ఉండనీ" అని బిక్షమయ్య కిందికి దిగిపోయాడు.

ఎండ అన్నిటికీ అందేలా శైవలాలను రోజుకు మూడుసార్లు కలపాలి. టెంట్‌హౌస్‌లో బగారన్నం కలిపే పొడుగు గరిట ఒకటి అడిగి తీసుకున్నాడు సాంబమూర్తి. చెప్పుల మట్టి పడకూడదని ఒట్టి కాళ్లతో, తడిస్తే తడిసిందని పాత పంచెతో, మడుగు చుట్టూ తిరుగుతూ కలిపేవాడు. చుట్టుపక్కల డాబాల మీద బట్టలు ఆరేసుకునేవాళ్లు మొదట నవ్వారు. నెల తిరిగేసరికి నవ్వడం మాని "పాచి సార్ ఒచ్చిండు, టైం ఎనిమిదయింది" అనుకోవడం మొదలుపెట్టారు.

చిరిగిపోయిన కాగితంలో రాసిన ఇబ్బందులేమిటో సాంబమూర్తికి ఆగస్టులో తెలిసింది. పాచి పెరిగింది, కాని నీళ్లలోంచి బయటికి రాదు. కాఫీ వడపోసే గుడ్డలో పోస్తే నీళ్లతో పాటు కిందికి జారిపోయింది. పంచెను రెండు మడతలు వేసి పోశాడు. నాలుగు మడతలు వేసి పోశాడు. ఎనిమిది మడతలు వేస్తే నీళ్లు కూడా దిగలేదు. ఏడు పంచెలు పచ్చబడ్డాయి, చెంచాడు పాచి చేతికి రాలేదు.

"మా తమ్ముడి కూతురు పెళ్లికి మీరు ఏం కట్టుకొస్తారు?" అంది శేషారత్నం.

"ప్యాంటు వేసుకుంటాను."

"నలుగురూ నన్నే అంటారండీ. మొగుడి పంచెలు ఉతకదు కాబోలని."

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, కాలేజీ మూసేశారు, కరెంటు రోజుకు ఐదారు గంటలు పోతోంది. సాంబమూర్తికి రోజంతా మడుగు దగ్గరే. బిక్షమయ్యకు మాత్రం ఊపిరాడని పని. రోడ్డు పొడవునా దీక్షా శిబిరాలు. అన్నిటికీ ఆయనే షామియానాలు వేశాడు, ఉద్యమం కోసమని కిరాయి తీసుకోలేదు. వానకు తడిసిన షామియానాలు తెచ్చి డాబా మీద ఆరేద్దామంటే సగం డాబా మడుగే. ఆరని గుడ్డలు ముక్క వాసనొస్తున్నాయి. మూడు శిబిరాల్లో జనం ముక్కు మూసుకుని దీక్ష చేస్తున్నారు.

సాంబమూర్తికి టెంట్‌హౌస్ డీజిల్ జనరేటర్ మీద కన్నుండేది. ఒకరోజు పొద్దున, అది ఎల్బీ నగర్ చౌరస్తా శిబిరంలో ఉందని తెలిసి చూడటానికి వెళ్లాడు. వెనకవైపు నుంచి లోపలికొచ్చి, జనరేటర్ పక్కన కూర్చుని, దాని మీద అంటించిన రేకు చదువుతున్నాడు. మెడలో దండ పడింది.

"ఆంధ్ర నుంచి ఒచ్చిన సాంబమూర్తి సార్ గూడ మన దీక్షల కూసున్నడు! జై తెలంగాణ!" అని మైకులో ఎవరో అరిచారు. జనం చప్పట్లు కొట్టారు.

ఇక లేవడానికి వీల్లేకపోయింది. సాయంత్రం ఐదింటికి నిమ్మరసం ఇచ్చేదాకా సాంబమూర్తి నిరాహారంగా అక్కడే కూర్చున్నాడు. నిమ్మరసం గ్లాసు ఇచ్చినవాడు బిక్షమయ్యే.

"దీక్షల కూసున్నవ్, సంతోషం సార్. గని నా షామియానాలు యాడ ఆరేయాలె?"

"బిక్షమయ్యగారూ, ఇంకొంచెం టైమివ్వండి. ఈ జనరేటర్ మన నూనెతో నడుస్తుంది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బిక్షమయ్య నవ్వలేదు. ఆయనకు పదిమందిలో మాట్లాడటమంటే ఇష్టం.

"అందరు ఇనుండ్రి. సద్దుల బతుకమ్మ నాడు మా గల్లీల ఆడోళ్లు ఆడుతరు. ఆనాడు సార్ పాచి నూనెతోని ఒక్క బల్పు ఎలగాలె. ఎలిగితే గా మడుగు సార్ ఉన్నన్ని దినాలు ఉంటది. ఎలగకపోతే తెల్లారి నేనే గునపం పట్టుకొని పోతా. మల్ల అడగొద్దు సార్."

"సరే" అన్నాడు సాంబమూర్తి. ఖాళీ కడుపున ధైర్యం ఎక్కువగా వచ్చింది.

ఇంటికొచ్చాక లెక్క చూసుకున్నాడు. సద్దుల బతుకమ్మకు ఇంకా ఐదు రోజులు. పాచి ఇంకా నీళ్లలోనే ఉంది. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే రాఘవేంద్ర ఏదైనా దారి చూపిస్తాడేమోనని మర్నాడు పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లో అతని ఇంటికి బయల్దేరాడు. బస్సుల్లేవు, ఆటోలు కూడా బందు. నడిచే వెళ్లాడు.

రాఘవేంద్ర అంతా విన్నాడు. "మాష్టారూ, పాచి ఎండబెట్టి పొడి చేసి ఇస్తే నూనె తీసే పూచీ నాది. కాని నీళ్లలోంచి దాన్ని తీయడం నా వల్ల కాదు. పెద్ద పెద్ద కంపెనీలే దాంతో తలకొట్టుకుంటున్నాయి" అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చాడు సాంబమూర్తి. కడసారి చూసుకున్నట్టుగా మడుగును చూద్దామని నేరుగా డాబా ఎక్కాడు.

మడుగులో నీళ్లు తళతళలాడుతున్నాయి. అడుగున నీలం టార్పాలిన్ మీద కంపెనీ పేరు కూడా చదవగలిగేంత తేటగా ఉన్నాయి. పాచి లేదు. సాయమ్మ, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, చీపురు కడుగుతోంది.

"ఒచ్చినవా సార్? చూడు, ఎట్ల జేసినమో."

సాంబమూర్తి వంగి నీళ్లలో చెయ్యి పెట్టి చూశాడు.

"బతుకమ్మలను యాడ ఎయ్యాలె చెప్పు? చెర్ల దాంక పోదమంటె ఆటోలు లేవాయె. రెండు దినాల నుంచి బకెట్ల ఏస్తున్నం, అమ్మవారు ఒంకర తిరిగి పడుతున్నది. గీడ ఇంత మంచి మడుగుంది గదా అని కడిగి కొత్త నీళ్లు పోసినం."

"పాచి... పాచి ఏం చేశారమ్మా?"

"గదే చెప్తున్న. నువ్వు గట్ల పోంగనే కొబ్బరికాయంత పటిక గడ్డ పట్టుకొని నీళ్లల్ల తిప్పిన. మా అమ్మ వాన నీళ్లు గట్లనే తేర్చేది. గంటల పాచంత అడుక్కు కూసున్నది. పైన నీళ్లు తోడి పారబోసినం. అడుగుది పాత షామియానా గుడ్డల మూటగట్టి యాలాడదీస్తె నీళ్లు కారిపోయినయ్."

"తర్వాత?"

"తర్వాత ఏందంటె, పారేద్దామనుకున్న. గని నువ్వు బర్రెను సాదినట్టు సాదినవ్ గదా. పాణం ఒప్పలె. గోడ మీద కొట్టిన."

చూపించింది. పిట్టగోడ పొడవునా పచ్చటి పిడకలు. ఒక్కోదాని మీద సాయమ్మ అయిదు వేళ్ల అచ్చు. సాంబమూర్తి దగ్గరికెళ్లి ఒకదాన్ని వేలితో నొక్కి చూశాడు. ఎండకు అప్పటికే అంచులు పెళుసెక్కాయి. ముప్పై ఒకటి లెక్కపెట్టి, అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"సాయమ్మగారూ, ఈ పటిక సంగతి మీకు ముందే తెలుసా?"

"ఎవలకు తెల్వదు సార్?"

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడిగినవా? పొద్దున లేస్తె పంచెల వడగట్టుడే వడగట్టుడు. ఆంధ్రోళ్ల మడి గిట్ల ఉంటదేమో, మనం మాట్లాడొద్దు అనుకున్న."

రెండు రోజుల్లో పిడకలు పెళపెళలాడాయి. పొడి చేద్దామంటే శేషారత్నం మిక్సీ ఇవ్వలేదు. "పండగపూట అందులో కొబ్బరి పచ్చడి చేయాలి. కావాలంటే మీ పంచెలో వేసి చితక్కొట్టుకోండి" అంది. సాయమ్మ రోట్లో వేసి దంచింది. రాఘవేంద్ర సైకిల్‌కు రెండు సీసాలు తగిలించుకుని వచ్చాడు. ఒకదాంట్లోది పొడిలో పోసి నానబెట్టి నూనె లాగాలి. రెండోదాంట్లోది ఆ నూనెను డీజిల్‌లా పలచన చేయడానికి. పనంతా డాబా మీద, గాలిలో.

"ఇక్కడ ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే మనందరం ఎగిరి నాగోల్‌లో దిగుతాం" అన్నాడు రాఘవేంద్ర. బిక్షమయ్య నోట్లో బీడీ వెలిగించకుండానే తీసి చెవి మీద పెట్టుకున్నాడు.

సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నానికి నూనె తయారైంది. క్వార్టర్ సీసా నిండింది. పుదీనా పచ్చడి రంగులో ఉంది. బిక్షమయ్య దాన్ని ఎండకు ఎత్తి పట్టుకున్నాడు.

"గింతనా?"

"నిండుగా ఉందండీ."

"మూడు నెలల పొద్దు, ఒక్క క్వార్టరా సార్? మా బామ్మర్ది అర్ధగంటల లేపేస్తడు."

సాయంత్రం ఏడింటికి, అనుకున్నట్టే కరెంటు పోయింది. గల్లీలో ఆడవాళ్లు బతుకమ్మలు దించి చీకట్లో నిలబడ్డారు. తంగేడు, గునుగు, బంతి పేర్చిన పదకొండు బతుకమ్మలు. చౌరస్తా శిబిరం నుంచి జనరేటర్ వచ్చింది, దాంతోపాటు శిబిరంలోని జనం కూడా వచ్చారు. బిక్షమయ్య ట్యాంకు నుంచి పైపు ఊడదీసి, దాన్ని సాంబమూర్తి సీసాకు బిగించాడు. సీసా మూతకు ఒక చిల్లు చేసి, తలకిందులుగా తిప్పి, టెంటు గుంజకు కట్టాడు. దవాఖానలో సెలైన్ పెట్టినట్టుంది. జనరేటర్‌కు ఒకే ఒక్క బల్బు కలిపాడు.

"ఇగ మోసం లేదు, కల్తీ లేదు. తిప్పు సార్."

సాంబమూర్తి హ్యాండిల్ పట్టుకుని తిప్పాడు. జనరేటర్ దగ్గింది. ఆగింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ దగ్గింది. మూడోసారి దగ్గు కూడా రాలేదు. సీసాలో నూనె అంగుళం కూడా తగ్గలేదు.

"గునపం పదునుగున్నదా బిక్షమయ్యా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. జనం గొల్లుమన్నారు. సాంబమూర్తి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. రాఘవేంద్ర పైపు నొక్కి చూసి తల అడ్డంగా ఊపాడు. పాచి అడ్డుపడిందేమో, నూనె చిక్కబడిందేమో అని గొణిగాడు.

ఆడవాళ్ల మధ్య నుంచి శేషారత్నం ముందుకొచ్చింది.

"ఏవండీ, ఆ సీసాకు పైన గాలి చిల్లు పెట్టారా?"

"పైనా?"

"నూనె డబ్బాకు ఒక్క చిల్లు పెట్టి వంపితే ధార పడుతుందా? రెండోవైపు ఇంకో చిల్లుండాలి. ఇరవై ఆరేళ్లుగా ఇంట్లో డబ్బాలు ఎవరు కోస్తున్నారనుకున్నారు?"

ఇద్దరు మాష్టార్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్లాస్టిక్ సీసా అడుగుకు బిక్షమయ్య మేకు కాల్చి చిల్లు పొడిచాడు. బుడబుడమని గాలి లోపలికెళ్లింది. నూనె కదిలింది. సాంబమూర్తి హ్యాండిల్ పట్టుకున్నాడు.

ఢక్. ఢక్. ఢకఢకఢక.

బల్బు వెలిగింది.

సాయమ్మ చప్పట్లు మొదలుపెట్టింది, ఆడవాళ్లంతా అందుకున్నారు, పాట లేచింది. బతుకమ్మల చుట్టూ వలయం తిరగసాగింది. జనరేటర్ పొగ వలయం మీదికి పోయింది. అది చేపల వేపుడు వాసన వేసింది.

"అమ్మవారి దగ్గర నీసు వాసనేంటండీ!" అంది శేషారత్నం, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"మా పాచి సరూర్‌నగర్ చెర్ల పెరిగింది గదమ్మా, చేపల దోస్తీ ఉంటది" అన్నాడు బిక్షమయ్య.

సాంబమూర్తి ఏదీ వినిపించుకోలేదు. ఒక కన్ను వాచీ మీద, ఒక కన్ను సీసా మీద. బల్బు తొమ్మిది నిమిషాలు వెలిగింది. పదో నిమిషంలో ఎర్రబడి, రెండుసార్లు రెప్పలార్చి ఆరిపోయింది. జనరేటర్ ఆగింది. ఆడవాళ్లు ఆగలేదు. చీకట్లోనే చప్పట్లు, పాట సాగాయి.

"తొమ్మిది నిమిషాల ఎలుగు ఎలుగేనా?" అని శిబిరం నుంచి వచ్చినవాళ్లలో ఒకడు లేవదీశాడు. "పెద్దమనుషులు చెప్పాలె."

"నేను ఎంత సేపని చెప్పిన్నా?" అన్నాడు బిక్షమయ్య గొంతు పెంచి. "ఒక్క బల్పు అన్న. ఎలిగింది. అందరు చూసిండ్రు. మాటంటె మాటనే. మడుగు జోలికి ఎవలు పోయిన నేనూకోను." అని సాంబమూర్తి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "జర చెప్పు సార్. రాత్రంత బల్పు ఎలగాలంటె ఎన్ని మడుగులు గావాలె?"

సాంబమూర్తి వేళ్ల మీద లెక్క కట్టాడు. "మూడు నెలలకో రాత్రి వెలగాలంటే... ఇటు మన గల్లీ, అటు చంపాపేట్ దాకా సగం డాబాలు."

"అంటె అయితది."

"అవుతుందండీ."

"ఒక్క బల్పే గదా?"

"ఒక్కటే."

బిక్షమయ్య తల పంకించి, జనరేటర్ ట్యాంకుకు మళ్లీ పైపు బిగించి, డీజిల్ పోయించి, గల్లీకంతా దీపాలు వెలిగించాడు. ఆ రాత్రి పదకొండు బతుకమ్మలూ డాబా ఎక్కి మడుగులోకి దిగాయి.

షామియానాలను బిక్షమయ్య గల్లీకి అడ్డంగా తాళ్లు కట్టి ఆరేసుకున్నాడు. దసరా వెళ్లింది. మడుగులో పూలు కుళ్లి రేకలు అడుగుకు చేరాయి. దీపావళికి రెండు రోజుల ముందు సాంబమూర్తి పైకెళ్లి చూసి ఆగిపోయాడు. యూరియా వేసినప్పుడు కూడా అంత చిక్కగా పాచి పట్టలేదు. తంగేడు పువ్వు తిని బలిసినట్టుంది. పరుగున కిందికి వచ్చాడు. సాయమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది.

"సాయమ్మగారూ, ఒక్కసారి పైకి రండి. పాచి బ్రహ్మాండంగా పట్టింది. కాస్త కడిగి పెట్టాలి."

"నేను కడగ సార్."

"అదేంటమ్మా?"

"పండుగ గాదు, పబ్బం గాదు. ఉత్తగ ఎవలన్న మడుగు కడుగుతరా? మల్ల బతుకమ్మ రానీ, కడుగుత."

"ఏడాది ఆగాలా?"

"నాకు పని లేదా సార్? పటిక ఎట్ల తిప్పాల్నో చూపిస్త, నువ్వే చేసుకో. పిడకలు గూడ కొట్టుకో."

"పిడకలు నాకు రావమ్మా."

పైనుంచి, మొదటి అంతస్తు కిటికీలోంచి శేషారత్నం గొంతు వినిపించింది.

"నాకొచ్చు."

సాంబమూర్తి తలెత్తి చూశాడు.

"మా పుట్టింట్లో నాలుగు గేదెలుండేవి. పదో తరగతి దాకా పొద్దున్నే నేనే కొట్టేదాన్ని. గోడ మీద ఒక్కటి జారేది కాదు."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"మీరెప్పుడడిగారు?" అంది శేషారత్నం. "పదండి, ఎండ ఉండగానే కానిద్దాం. ఆ చేతి గడియారం తీసి లోపల పెట్టండి ముందు."

పెళ్లయి ఇరవై ఆరేళ్లయినా ఆ గేదెల సంగతి సాంబమూర్తి వినడం అదే మొదటిసారి. గడియారం విప్పుతూ, వాటి పేర్లేమిటని అడిగాడు.